పది రూపాయల బిళ్ల ఎందుకు నడవదు?

మెదక్ పట్టణం. రామదాసు చౌరస్తా. పొద్దున ఎనిమిది గంటల వేళ. ఒక అవ్వ గంప దించుకుని రోడ్డు పక్కన కూచుంది. గంప నిండా పాలకూర, తోటకూర, కొత్తిమీర ఉన్నాయి. కట్ట పది రూపాయలు.

ఒకాయన వచ్చాడు. పాలకూర కట్ట తీసుకున్నాడు. పది రూపాయల బిళ్ల చేతిలో పెట్టాడు.

"అయ్యా, నోటు లేదా? గీ బిళ్ల నడుస్తలేదు" అన్నది అవ్వ.

"నా దగ్గర గిదే ఉన్నది. వద్దంటే నీ కట్ట నువ్వు తీస్కో" అన్నాడాయన.

అవ్వ ఏం చేస్తుంది? ఆకుకూర సాయంత్రం దాకా ఆగదు. ఎండకు వాడిపోతుంది. వాడిన కట్టను ఐదు రూపాయలకు కూడా ఎవరూ కొనరు. అందుకే బిళ్ల తీసుకున్నది. ఆ తర్వాత ఇంకొకరు ఇచ్చారు. ఇంకొకరు ఇచ్చారు. గంప ఖాళీ అయ్యేసరికి కొంగు ముడిలో 14 బిళ్లలు పడ్డాయి.

సాయంత్రం అవ్వ కిరాణం దుకాణానికి పోయింది. మంచినూనె, చాపత్త, సబ్బు అడిగింది. బిళ్లలు లెక్కపెట్టి ఇవ్వబోయింది.

"గివి మాకొద్దవ్వా. నోట్లుంటే ఇయ్యి" అన్నాడు దుకాణదారు.

14 బిళ్లలంటే 140 రూపాయలు. అవ్వ రోజంతా ఎండలో కూచుని సంపాదించిన పైసలు. కొంగులో ఉన్నాయి. కాని నూనె రాలేదు. సబ్బు రాలేదు.

ఇలాంటి మాట మీరూ వినే ఉంటారు. చాయ్ హోటల్లో వింటారు. ఆటోలో వింటారు. కూరగాయల అంగడిలో వింటారు. "బిళ్ల నడవదు" అని అందరూ అంటారు. ఎందుకు నడవదని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. "వాళ్లు తీసుకోవడం లేదు, అందుకే మేమూ తీసుకోవడం లేదు" అంటారు. ఆ వాళ్లెవరు? వాళ్లను అడిగితే వాళ్లూ ఇదే మాట చెబుతారు.

బిళ్ల మీద ఏముంది?

మీ ఇంట్లో ఒక పది రూపాయల బిళ్ల ఉంటుంది. డబ్బాలోనో, పోపుల పెట్టెలోనో పడి ఉంటుంది. దాన్ని తీయండి. వెలుతురులో పెట్టి చూడండి.

అంచు పసుపు రంగులో ఉంది. నడుమ తెల్లగా ఉంది. అంటే రెండు రకాల లోహాలు కలిపి చేశారు. ఒకవైపు సింహాల బొమ్మ ఉంది. అది మన దేశం ముద్ర. ఆ పక్కన హిందీలోను, ఇంగ్లీషులోను దేశం పేరు ఉంది. తెలుగు అక్షరాలు లేవని చిన్నబోకండి. 10 అంకె ఉంది. సంవత్సరం ఉంది. ఈ రెండూ మీరు చదవగలరు.

ఇప్పుడు సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉందా? ఉంటే ఆ బిళ్ల మన హైదరాబాదులో తయారైంది. దేశంలో బిళ్లలు చేసే టంకశాలలు నాలుగే నాలుగు. ముంబై, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడా. ఒక్కో టంకశాలకు ఒక్కో గుర్తు. హైదరాబాదుకు నక్షత్రం. నోయిడాకు చుక్క. ముంబైకి వజ్రం ఆకారం. కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. హైదరాబాదు టంకశాల ఇదివరకు సైఫాబాదులో ఉండేది. 1903 నుంచి అక్కడ పని జరిగింది. తర్వాత చర్లపల్లికి మారింది. మెదక్ నుంచి చర్లపల్లికి పొద్దున పోయి సాయంత్రం తిరిగి రావచ్చు. అంత దగ్గర తయారైన బిళ్లను మన ఊరి దుకాణంలో తీసుకోవడం లేదు!

మరి పుకారు ఎక్కడ పుట్టింది? బిళ్లలన్నీ ఒక్క తీరుగా లేకపోవడం వల్ల పుట్టింది. రెండు లోహాల పది రూపాయల బిళ్ల 2009లో జనం చేతికి వచ్చింది. అప్పటికి రూపాయి గుర్తు ఇంకా లేదు. 2010 జూలైలో ప్రభుత్వం ఆ గుర్తును ఖాయం చేసింది. 2011 నుంచి బిళ్లల మీద ఆ గుర్తు వేస్తున్నారు. అంటే పాత బిళ్ల మీద గుర్తు ఉండదు. కొత్త దాని మీద ఉంటుంది. ఒక రకం మీద 15 గీతలు ఉంటాయి. ఇంకో రకం మీద 10 గీతలు ఉంటాయి. ఇది చూసి ఎవరో అన్నారు, "పదిహేను గీతలది దొంగది" అని. ఇంకెవరో అన్నారు, "గుర్తు లేనిది చెల్లదు" అని. దొంగ బిళ్లలు చేసేవాళ్లను ఢిల్లీలో పోలీసులు పట్టుకున్నారన్న వార్త 2016లో వచ్చింది. దాంతో భయం ఇంకా పెరిగింది. ఫోన్లలో మాట పాకింది. ఊరూరా పాకింది.

రిజర్వు బ్యాంకు ఊరుకోలేదు. 2018 జనవరి 17న ఒక ప్రకటన చేసింది. పది రూపాయల బిళ్లలు అప్పటికి 14 రకాలుగా వచ్చాయని, ఆ 14 రకాలూ చెల్లుతాయని చెప్పింది. గుర్తు ఉన్నదీ చెల్లుతుంది. లేనిదీ చెల్లుతుంది. పది గీతలదీ, పదిహేను గీతలదీ చెల్లుతుంది.

పెద్దల జ్ఞాపకంగా వేసిన బిళ్లలూ వీటిలో ఉన్నాయి. 2015 డిసెంబరులో బాబాసాహెబ్ అంబేద్కర్ 125వ జయంతి సందర్భంగా ఆయన బొమ్మతో పది రూపాయల బిళ్ల వచ్చింది. ఏప్రిల్ 14న ఆయన విగ్రహానికి దండ వేసిన చేత్తోనే ఆయన బొమ్మ ఉన్న బిళ్లను వెనక్కి తోసేవాళ్లు ఉన్నారు. ఇది విచిత్రం కాదా?

చట్టం ఏమంటుంది? 2011లో నాణేల చట్టం చేశారు. రూపాయి, అంతకు మించిన బిళ్లలతో ఒకసారికి వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చు. అర్ధరూపాయి బిళ్లలతో పది రూపాయల దాకా చెల్లించవచ్చు. అవును, అర్ధరూపాయి ఇంకా చెల్లుతుంది! చట్టం దాన్ని రద్దు చేయలేదు. పావలా మాత్రం పోయింది. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న బిళ్లలు చెల్లకుండా పోయాయి. చారాణ బిళ్ల పోయి ఇన్నేళ్లయింది. కాని "చారాణ కోడికి బారాణ మసాల" అనే మాట మన నోట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పటి పిల్లలకు ఈ చారాణ, ఆఠాణ, బారాణ లెక్క తెలియదు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు. నాలుగణాలు చారాణ. ఎనిమిదణాలు ఆఠాణ. పన్నెండణాలు బారాణ. ఆ రోజు నుంచి రూపాయికి నూరు పైసల లెక్క వచ్చింది. నిజాం రాజ్యంలో అయితే సొంత నాణెమే వేరు. దాన్ని హాలీ సిక్కా అనేవారు. దాని మీద చార్మినార్ బొమ్మ ఉండేది. ఇన్ని రకాల నాణేలను చదువు రాని మన తాతలు లెక్క తప్పకుండా వాడుకున్నారు. 14 రకాల పది రూపాయల బిళ్లలు మనకు ఎక్కువయ్యాయా?

చిల్లర ఎక్కడ దాక్కుంది?

బిళ్ల తీసుకోరు. మళ్లీ "చిల్లర లేదు" అంటారు. ఈ రెండు మాటలూ ఒకే దుకాణంలో, ఒకే నోట వినబడతాయి. ఆలోచించండి. పది రూపాయల బిళ్ల తీసుకుంటే అదే చిల్లర కదా!

చిల్లర పోయేది కొంత మన ఇళ్లలోకే. పిల్లల గల్లగురిగి చూడండి. ఏడాది పొడుగునా బిళ్లలు వేస్తారు. పగలగొట్టేదాకా అవి బయటికి రావు. దేవుని హుండీ కూడా అంతే. శివరాత్రికి ఏడుపాయల జాతరకు ఎంతమంది పోతారు! మంజీరలో స్నానం చేసి వనదుర్గమ్మకు మొక్కుతారు. హుండీలో బిళ్లలు వేస్తారు. హుండీ విప్పి లెక్కపెట్టేదాకా అవి అక్కడే ఉంటాయి. కొందరు ఏరు దాటుతూ నీళ్లలోనే వేస్తారు. ఆ బిళ్ల ఇక ఎవరికీ చిల్లర కాదు.

దేవునికి వేయవద్దని ఎవరూ చెప్పరు. కాని గల్లగురిగిని ఏడాదికొకసారి కాకుండా నెలకొకసారి విప్పవచ్చు. పగలగొట్టే మట్టిదానికి బదులు మూత ఉన్న డబ్బా పెట్టవచ్చు. బిళ్లలు పక్క దుకాణంలో ఇచ్చి నోటు తీసుకోవచ్చు. పిల్లలకు లెక్కా వస్తుంది, దుకాణానికి చిల్లరా వస్తుంది.

చాక్లెట్ చిల్లర

17 రూపాయల సామాను కొన్నారు. 20 ఇచ్చారు. మూడు రూపాయలు రావాలి. దుకాణదారు మూడు చాక్లెట్లు చేతిలో పెట్టాడు. మీరు చాక్లెట్లు అడిగారా? అడగలేదు. చిన్న పిల్లలు లేని ఇంట్లో ఆ చాక్లెట్లు చీమలకే.

ఒక్కసారికి ఇది పెద్ద నష్టంగా కనబడదు. రెండు రూపాయలకు గొడవ ఎందుకని ఊరుకుంటాం. మరి రోజుకు రెండు రూపాయలు పోతే ఏడాదికి ఎంత? 730 రూపాయలు. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. పైగా చాక్లెట్ మీద దుకాణదారుకు లాభం ఉంటుంది. అంటే మీకు రావాల్సిన పైసలతోనే మీకు సరుకు అమ్మినట్టు. నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. నెలంతా వచ్చిన చాక్లెట్లు దాచిపెట్టండి. సబ్బు కొని, పైసలకు బదులు అవే ఇవ్వండి. తీసుకుంటాడా?

మర్యాదగా అడగవచ్చు. "అన్నా, చాక్లెట్ వద్దు. మూడు రూపాయలు ఖాతాలో రాయి. రేపొచ్చి లెక్క చూసుకుంటం" అనండి. ఉద్దెర రాసేటప్పుడు పుస్తకం వెంటనే తీస్తారు కదా. మనకు రావాల్సింది రాయడానికీ అదే పుస్తకం. రాసింది మీరు చదివి చూడండి. 3కు బదులు 2 ఉంటే అక్కడే చెప్పండి. తెల్లారి చెబితే ఇద్దరికీ గుర్తుండదు. మాట పెరుగుతుంది.

కూలింగ్ పేరుతో ఎక్కువ తీసుకునేవాళ్లూ ఉన్నారు. సీసా మీద 20 అని ఉంటుంది. 25 అడుగుతారు. "ఫ్రిజ్‌ది అన్నా, కరెంటు బిల్లు కావాలె గదా" అంటారు. పాకెట్ మీద, సీసా మీద అచ్చయిన ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. అంతకు మించి తీసుకోకూడదు. ధర అచ్చు చాలా చిన్నగా ఉంటుంది. మూత దగ్గరో, అట్ట అంచునో ఉంటుంది. వెతికి చదవండి. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది వినియోగదారుల ఫిర్యాదుల నంబరు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

టికెట్ వెనక రాసిన అంకె

బస్సులో చిల్లర బాధ పాతదే. కండక్టరుకు 100 నోటు ఇస్తే టికెట్ వెనక బాకీ రాసి ఇస్తాడు. దిగేటప్పుడు అడగాలి. నిద్రపట్టిందో, సంచులు దించుకునే తొందరలో పడ్డారో, ఆ బాకీ అంతే. కండక్టరును ఊరికే అనడం తగదు. అరవైమంది ఎక్కి అరవైమందీ పెద్దనోట్లు ఇస్తే అతను మాత్రం చిల్లర ఎక్కణ్నుంచి తెస్తాడు? పొద్దున మొదటి ట్రిప్పులో ఇది మరీ కష్టం.

2022లో పల్లెవెలుగు బస్సుల టికెట్ ధరలను చిల్లర బాధ తగ్గేటట్టు సర్దారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ పైసలు లేవు. జీరో టికెట్ ఇస్తారు. కాబట్టి ఇప్పుడు ఈ బాధ ఎక్కువగా మగవాళ్లది. మగవాళ్లే మరిచిపోయేదీ ఎక్కువ!

టికెట్ వెనక రాసింది ముందే చదవండి. 75 రావాలంటే 75 అనే ఉందా, 57 అని ఉందా? అంకెలు అటుదిటు పడితే 18 రూపాయలు తేడా. చదివిన టికెట్ జేబులో కాకుండా చేతిలోనే పెట్టుకోండి. చేతిలో ఉన్నది మరిచిపోరు.

చిరిగిన నోటు

బిళ్ల తర్వాత ఎక్కువ జగడాలు చిరిగిన నోటు మీదే. ఒకరు మడతలో పెట్టి ఇస్తారు. తీసుకున్నవాళ్లు ఇంటికి పోయి చూసుకుని తిట్టుకుంటారు. తెల్లారి వాళ్లూ మడతలో పెట్టి ఇంకొకరికి ఇస్తారు. చీకట్లో, అదీ ముసలివాళ్లకు ఇస్తారు. ఇది మంచి అలవాటు కాదు. అవసరం కూడా లేదు.

చిరిగిన నోటును బ్యాంకులో మార్చుకోవచ్చు. మీకు ఆ బ్యాంకులో ఖాతా లేకపోయినా మార్చాలి. 10, 20 రూపాయల నోట్లయితే సగం కన్నా పెద్ద ముక్క మీ దగ్గరుంటే పూర్తి పైసలు ఇస్తారు. 50, అంతకు పై నోట్లకు లెక్క వేరు. నోటును నూరు భాగాలు అనుకోండి. 80 భాగాల కన్నా ఎక్కువ ఉంటే పూర్తి పైసలు. 40 నుంచి 80 దాకా ఉంటే సగం పైసలు. 40 కన్నా తక్కువ ఉంటే ఏమీ రాదు. కాబట్టి ఎలుక కొరికిన నోటును కోపంతో పారేయకండి. ముక్కలు ఏరి కవరులో పెట్టి తీసుకుపోండి.

నోటు వెనకవైపు ఎప్పుడైనా చదివారా? అక్కడ ఒక నిలువు గడిలో 15 భాషల్లో దాని విలువ రాసి ఉంటుంది. పైనుంచి వెతికితే ఆలస్యం. కింది నుంచి చూడండి. అట్టడుగున ఉర్దూ. దాని మీది వరుస తెలుగు. "పది రూపాయలు", "నూరు రూపాయలు" అని మన అక్షరాల్లో ఉంటుంది. కొత్తగా చదువు నేర్చినవాళ్లకు అంతకన్నా మంచి పుస్తకం ఏది? రోజూ చేతిలోనే ఉంటుంది.

ఫోన్ ఉంటే చిల్లర వద్దా?

"ఫోన్ పే చేస్తా" అనే మాట ఇప్పుడు మిర్చిబజ్జీల బండి దగ్గరా వినబడుతుంది. ఫోన్లో పైసలు పంపే యూపీఐ పద్ధతి 2016లో వచ్చింది. 13 రూపాయలైతే 13 రూపాయలే పోతాయి. చాక్లెట్ లేదు, బాకీ లేదు. మంచిదే.

కాని ఆకుకూరల అవ్వకు ఫోన్ లేదు. కొడుకు ఫోన్‌కు కలిపిన గడుల చీటీ గంపకు అంటించుకుంది. అందరూ దాని మీదే పంపుతారు. పైసలు కొడుకు ఖాతాలో పడతాయి. సాయంత్రం అవ్వ చేతిలో ఏమీ ఉండదు. తన కష్టార్జితం కోసం కొడుకును అడగాలి, కోడలిని అడగాలి. ఇస్తారా? కొందరిస్తారు. అవ్వ పేరున బ్యాంకు ఖాతా ఉంటే ఆ చీటీని అవ్వ ఖాతాకే కలిపించాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలు చేయాల్సిన పని ఇది.

ఒక జాగ్రత్త అందరూ తెలుసుకోవాలి. పైసలు పంపేటప్పుడే రహస్య నంబరు నొక్కాలి. పైసలు తీసుకోవడానికి ఏ నంబరూ నొక్కే పని లేదు. "మీకు పైసలు వేస్తున్నాం, మీ పిన్ నొక్కండి" అని ఎవరన్నా చెబితే వాడు దొంగ. పొరపాటున పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

బిళ్లలు పోగుపడితే

పది రూపాయల బిళ్లలు ఇంట్లో పోగుపడ్డవాళ్లు ఏం చేయాలి? బ్యాంకులో ఇవ్వాలి. బిళ్లలు తీసుకోవాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. అయితే నెల మొదటి వారంలో, పింఛన్ల రద్దీలో పోయి బిళ్లల మూట విప్పితే క్యాషియర్‌కు విసుగు వస్తుంది. అందులో తప్పేం లేదు. రద్దీ లేని రోజు చూసుకుని పోవాలి.

ఒక్కరి దగ్గర 14 బిళ్లలే ఉండొచ్చు. పొదుపు సంఘంలో పదిమంది అక్కలు కలిస్తే నూరు దాటుతాయి. సంఘం సమావేశం రోజున అందరివీ ఒక దగ్గర పోయాలి. పదేసి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చాలి. అలాంటి పది దొంతరలైతే నూరు బిళ్లలు, వెయ్యి రూపాయలు. ఎవరివి ఎన్నో పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత నూరేసి ఒక్కో చిన్న సంచిలో కట్టాలి. నూరు బిళ్లలు దాదాపు ముప్పావు కిలో తూగుతాయి. కాబట్టి తూకం వేసినా లెక్క సరిపోయిందో లేదో తెలుస్తుంది.

బ్యాంకువాళ్లు వద్దంటే మేనేజరును కలవాలి. అప్పటికీ వద్దంటే కాగితం మీద రాసి ఇవ్వాలి. తేదీ, బిళ్లలు ఎన్ని, ఎవరు వద్దన్నారు అనేది రాస్తే చాలు. ఒక నకలు మీ దగ్గర పెట్టుకుని, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు. దాని గురించి అడిగి తెలుసుకోవడానికి ఫోన్ నంబరు 14448. ఫోన్ చేసేటప్పుడు ముద్ర వేసిన ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. తేదీ అడుగుతారు.